ఆపకుండా మార్చడం నేర్చుకోవాలి: ఏళ్ల తరబడి సాగే పరీక్షలకు పాక్షికంగా మారే చిప్‌లు

జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్ ప్రాంతంలో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఉంది. 1946 నవంబరులో చక్రవర్తుల రాజగోపాలాచారి దానికి శంకుస్థాపన చేశారు. 1950 నవంబరులో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. సీఎస్ఐఆర్ కింద పనిచేసే ఈ సంస్థకు పేరు తెచ్చిన విభాగాల్లో క్రీప్ పరీక్షల విభాగం ఒకటి.

క్రీప్ పరీక్ష చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. ఒక లోహపు కడ్డీని నిలువు కొలిమిలో బిగిస్తారు. కొన్ని వందల డిగ్రీల వేడి ఇచ్చి, ఒక స్థిరమైన బరువు వేలాడదీస్తారు. ఆ బరువుకు కడ్డీ వెంటనే తెగదు. కంటికి కనిపించనంత నెమ్మదిగా సాగుతుంది. ఎంత సాగిందో మీటరులో లక్షల వంతుల్లో కొలుస్తూ పోవాలి. 10,000 గంటల పరీక్ష అంటే దాదాపు 14 నెలలు. 1,00,000 గంటల పరీక్ష అంటే 11 ఏళ్ల 5 నెలలు. మొదలుపెట్టిన శాస్త్రవేత్త పదవీ విరమణ చేసినా కడ్డీ మాత్రం కొలిమిలోనే ఉండవచ్చు.

ఈ ఓపిక వెనుక బలమైన కారణం ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో ఆవిరి వేడి దాదాపు 540 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఆ వేడిలో, లోపలి ఒత్తిడికి బాయిలర్ గొట్టాలు ఏళ్ల తరబడి సాగుతూ, ఒకరోజు పగులుతాయి. పాత కేంద్రాన్ని ఇంకో పదేళ్లు నడపవచ్చా, గొట్టాలు మార్చాలా అనే నిర్ణయానికి క్రీప్ లెక్కలే ఆధారం. ఆ లెక్క తప్పితే ప్రమాదం బాయిలర్ పక్కన పనిచేసే మనిషికి.

ఇలాంటి పరీక్షలో ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలకు మించి అటూ ఇటూ కాకూడదు. ఒకసారి కొలిమి చల్లబడి, మళ్లీ వేడెక్కితే ఆ కడ్డీ చరిత్ర మారిపోయినట్లే. ఏడో ఏట అలా జరిగితే ఏడేళ్ల శ్రమ సందేహాస్పదమవుతుంది.

అయితే పదకొండేళ్లలో కడ్డీ చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్స్ అలాగే ఉండిపోదు. సెన్సర్ పాడై కొత్త రకం వస్తుంది. లెక్కకట్టే పద్ధతిలో లోపం బయటపడుతుంది. సమాచారం పంపే కంప్యూటర్ మారుతుంది. పరీక్షను ఆపకూడదు, పరికరాన్ని మార్చక తప్పదు. ఈ చిక్కుముడికి చాలా సంస్థల్లో దొరికే జవాబు ఒక్కటే: ‘నడుస్తోందిగా, ముట్టుకోకండి.’ దాన్ని జాగ్రత్త అని పిలుచుకుంటారు. తెలిసిన లోపాన్ని తెలిసీ ఏళ్ల తరబడి మోయడం జాగ్రత్త కాదు, నిస్సహాయత. ఆ నిస్సహాయతను తగ్గించే సాంకేతికత పాతికేళ్లకు పైగా అందుబాటులో ఉంది. దాని పేరు పాక్షిక పునర్విన్యాసం, ఇంజినీర్ల మాటల్లో పార్షియల్ రీకాన్ఫిగరేషన్.

ఎక్కాల పుస్తకంలాంటి చిప్

మామూలు చిప్‌లో సర్క్యూట్ కర్మాగారంలోనే ఖరారవుతుంది. ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ ఎరే అనే చిప్‌లో అలా కాదు. క్లుప్తంగా ఎఫ్‌పీజీఏ అని పిలిచే ఈ చిప్‌లో వేల సంఖ్యలో చిన్న చిన్న పట్టికలు, వాటిని కలిపే తీగలు, ఆ తీగల మధ్య స్విచ్‌లు ఉంటాయి. ఒక్కో పట్టిక ఎక్కాల పుస్తకం లాంటిది. ప్రశ్న వచ్చినప్పుడు లెక్క చేయదు, ముందే రాసిపెట్టిన జవాబు చూపిస్తుంది. ఆరు ఇన్‌పుట్‌లు ఉన్న పట్టికలో 64 జవాబులు పడతాయి. ఆ జవాబులు మార్చి రాస్తే సర్క్యూట్ పని మారుతుంది. స్విచ్‌లు మార్చితే దారి మారుతుంది. ఈ రాతలన్నీ చిప్‌లోని ఒక జ్ఞాపకశక్తిలో ఉంటాయి. వాటిని నింపే ఫైలును బిట్‌స్ట్రీమ్ అంటారు.

స్థిరంగా ఉండే భాగానికి మారే భాగాన్ని జతచేసి కంప్యూటర్ కట్టవచ్చని అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ ఎస్ట్రిన్ 1960లోనే ప్రతిపాదించారు. అప్పటికి అలాంటి చిప్ లేదు. 1985లో జైలింక్స్ సంస్థ 64 లాజిక్ బ్లాకులతో తొలి వాణిజ్య ఎఫ్‌పీజీఏను విడుదల చేసింది. దాన్ని మార్చాలంటే మొత్తం చెరిపి మళ్లీ నింపాల్సిందే. 1990ల చివరికి వచ్చిన వర్టెక్స్ తరం చిప్‌లతో, జ్ఞాపకశక్తిలో ఒక ముక్కను మాత్రమే తిరిగి రాస్తూ మిగతా చిప్‌ను నడుస్తూ ఉండనివ్వడం ఆచరణలోకి వచ్చింది. ఆ ముక్కకు ఫ్రేమ్ అని పేరు. జైలింక్స్ ఏడో శ్రేణి చిప్‌లలో ఒక్కో ఫ్రేమ్ 3,232 బిట్లు. చిప్ లోపలి సర్క్యూటే తన పొరుగు భాగాన్ని తిరిగి రాసుకునేలా లోపలి ద్వారం కూడా వచ్చింది.

టాటానగర్ స్టేషన్ నేర్పే పాఠం

బర్మామైన్స్‌కు దగ్గర్లోనే టాటానగర్ రైల్వే జంక్షన్ ఉంది. పట్టా మార్చాలంటే రైల్వే స్టేషన్ మొత్తం మూసేయదు. ఒక లైనుకు బ్లాక్ తీసుకుంటారు. రెండు చివర్లా రక్షణ పెడతారు. ఆ లైనులోకి బండి రాకుండా చూస్తారు. పక్క లైన్లలో బళ్లు నడుస్తూనే ఉంటాయి. పని అయ్యాక పట్టాను పరీక్షించి, అప్పుడే లైను తెరుస్తారు.

పాక్షిక పునర్విన్యాసం కూడా ఇదే క్రమంలో జరగాలి. డిజైనర్ ముందుగా చిప్‌ను రెండు రకాల ప్రాంతాలుగా విడదీస్తాడు: ఎప్పటికీ మారనిది, మార్చదగినది. మార్పు సమయంలో మారే భాగానికి కొత్త పని ఇవ్వడం ఆపాలి. దాని నుంచి వచ్చే తీగలను మారని భాగం దగ్గర తెంచినట్లు బంధించాలి. ఎందుకంటే సగం రాసిన సర్క్యూట్ అర్థం లేని సంకేతాలు పంపుతుంది. తర్వాత కొత్త బిట్‌స్ట్రీమ్ రాసి, అది తప్పులేకుండా చేరిందో లేదో సరిచూడాలి. కొత్త భాగాన్ని మొదటి స్థితికి తెచ్చి, చివరగా తీగలు కలపాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొత్తగా వచ్చిన సర్క్యూట్‌కు గతం గుర్తుండదు. కొలిమి వేడిని నియంత్రించే లెక్కలో ఇప్పటిదాకా పోగైన తేడా ఒక ముఖ్యమైన అంకె. అది సున్నాకు పడిపోతే హీటర్‌కు వెళ్లే విద్యుత్తు ఒక్కసారిగా మారి, ఉష్ణోగ్రత కుదుపుకు లోనవుతుంది. అందుకే అలాంటి అంకెలను మారని భాగంలో దాచి, కొత్త సర్క్యూట్‌కు అప్పగించాలి.

ఒక మిల్లీసెకను ఎంత పెద్దది?

లోపలి ద్వారం 32 బిట్ల వెడల్పుతో, సెకనుకు 10 కోట్ల సార్లు పనిచేస్తే, సిద్ధాంతపరంగా సెకనుకు 400 మెగాబైట్లు రాయగలదు. 400 కిలోబైట్ల ముక్కకు పట్టేది ఒక మిల్లీసెకను. ఆచరణలో ఫైలును తెచ్చే జ్ఞాపకశక్తి వేగాన్ని బట్టి ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

కొలిమి వేడి మారడానికి సెకన్లు, నిమిషాలు పడుతుంది. దాని దృష్టిలో మిల్లీసెకను లేనట్లే. కానీ హీటర్‌కు విద్యుత్తు అందించే థైరిస్టర్‌కు 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక అర్ధచక్రం 10 మిల్లీసెకన్లే. అందులో పదో వంతు సమయం తప్పుడు సంకేతం వెళితే ప్రభావం కనిపిస్తుంది. కాబట్టి థైరిస్టర్‌ను పేల్చే సర్క్యూట్ మారని భాగంలో ఉండాలి. సాగుడు లెక్కించే సర్క్యూట్, సెన్సర్ సంకేతాన్ని శుభ్రపరిచే వడపోత, సమాచారం పంపే భాగం మారే చోట ఉండవచ్చు. ఏది ఎక్కడ ఉండాలో తేల్చేది చిప్ గురించిన జ్ఞానం కాదు, కొలిమి గురించిన జ్ఞానం. ఈ సాంకేతికతను కేవలం ఎలక్ట్రానిక్స్ విభాగానికి వదిలేయకూడదనడానికి ఇదే మొదటి కారణం.

ఇంత హంగామా అవసరమా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఒక్క కొలిమిని నడపడానికి చవకైన మైక్రోకంట్రోలర్ చాలు. దాన్ని పునఃప్రారంభించినా సెకనులో లేస్తుంది. సెకనులో కొలిమి చల్లబడదు. మరీ అవసరమైతే రెండు కంట్రోలర్లు పెట్టుకుని, ఒకటి నడుస్తుండగా రెండోదాన్ని మార్చుకోవచ్చు.

ఒక్క యంత్రం వరకూ ఈ వాదన సరైనదే. అక్కడ పాక్షిక పునర్విన్యాసం దోమను కొట్టడానికి గొడ్డలి ఎత్తినట్లే. పదహారు యంత్రాల కొలతలను ఒకే చిప్ చూస్తోందని ఊహిస్తే లెక్క మారుతుంది. మూడో యంత్రంలో సెన్సర్ మారింది. దాని వడపోత మార్చాలి. చిప్ మొత్తాన్ని తిరిగి నింపితే, ఆ కాసేపు పిన్నులన్నీ పట్టు వదిలేస్తాయి. వాటిపై ఆధారపడిన రిలేలు పడిపోవచ్చు. గంటల లెక్క, పోగైన తేడాల లెక్క పోతాయి. ఒక యంత్రం కోసం మిగతా పదిహేను పరీక్షలను పణంగా పెట్టినట్లవుతుంది. అక్కడే పాక్షిక మార్పుకు విలువ.

ఉక్కు కర్మాగారంలోనూ ఇదే తర్కం. జంషెడ్‌పూర్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1911లో రాజుకుంది. 1912లో తొలి ఉక్కు దిమ్మె వచ్చింది. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి రాజేస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి తరతరాలుగా ఆ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు షిఫ్టు మారుతుంది గానీ కొలిమి ఆగదన్న సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నడుస్తుండగానే బాగుచేసే విద్య అక్కడ ఫిట్టర్లకు, వెల్డర్లకు వందేళ్లుగా తెలుసు. అదే క్రమశిక్షణ చిప్ లోపలికి చేరాల్సి ఉంది.

ప్రపంచంలో మిగతా చోట్ల ఇది చేరింది. అద్దెకు కంప్యూటర్లు ఇచ్చే అమెజాన్ సంస్థ 2016లో ఎఫ్‌పీజీఏ సేవలు ప్రకటించింది. అక్కడ సంస్థకు చెందిన మారని చట్రం ఒకటి నడుస్తూ ఉంటుంది, వినియోగదారుడి సర్క్యూట్ మాత్రం మారే భాగంలోకి వచ్చిపోతుంది. అంతరిక్షంలో రేడియేషన్ వల్ల తలకిందులైన బిట్లను చిప్ నడుస్తుండగానే తిరిగి సరిచేయడానికి ఫ్రేమ్‌లను మళ్లీ మళ్లీ రాసే పద్ధతి వాడుకలో ఉంది. 2021 ఫిబ్రవరిలో అంగారకుడిపై దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో, దిగేటప్పుడు నేలను గుర్తించిన ఎఫ్‌పీజీఏనే ఆ తర్వాత రోవర్ దారి చూసుకునే పనికి తిరిగి నింపారు. అది పాక్షిక మార్పు కాదు, పూర్తి మార్పు. కానీ చేరుకోలేని చోట ఉన్న యంత్రం పనిని మార్చగలగడం ఎంత విలువైనదో అది చూపింది.

తలుపు పెడితే తాళం కూడా పెట్టాలి

నడుస్తున్న చిప్‌ను మార్చగల ద్వారం ఉందంటే, అది మంచివాళ్లకే తెరుచుకుంటుందన్న హామీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో చొరబడితే ప్రోగ్రాం మారుతుంది. ఇక్కడ చొరబడితే సర్క్యూటే మారుతుంది. 2020లో జర్మనీలోని బోఖుమ్ రూర్ విశ్వవిద్యాలయం, మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు జైలింక్స్ ఏడో శ్రేణి చిప్‌ల బిట్‌స్ట్రీమ్ రక్షణలో ఒక బలహీనతను బయటపెట్టారు. స్టార్‌బ్లీడ్ అని దానికి పేరు పెట్టారు. ఆ లోపం సిలికాన్‌లోనే ఉంది కాబట్టి, అప్పటికే అమ్ముడైన చిప్‌లలో దాన్ని దిద్దడం సాధ్యం కాలేదు. ఎంత మార్చగలిగే చిప్‌లోనైనా మార్చలేని భాగం ఒకటి ఉంటుందని, భద్రత చివరికి దానిమీదే ఆధారపడుతుందని ఈ ఉదంతం నేర్పింది.

అందుకే కొన్ని హద్దులు ముందే గీయాలి. వేడి మితిమీరితే విద్యుత్తు కోసే రక్షణ సర్క్యూట్ ఈ చిప్‌లోనే ఉండకూడదు. దానికి వేరే సాధనం ఉండాలి. సంతకం సరిచూడని బిట్‌స్ట్రీమ్‌ను చిప్ అంగీకరించకూడదు. కొత్తది పనిచేయకపోతే పాతదానికి తిరిగి వెళ్లే దారి ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో పరీక్ష ఫలితంతో పాటే నమోదు కావాలి. క్రీప్ గ్రాఫులో ఒక వంపు కనబడితే అది లోహం స్వభావమా, ఆ రోజు మార్చిన వడపోత ప్రభావమా అని అడిగినవారికి జవాబు దొరకాలి. ఈ నమోదు లేకపోతే నడుస్తుండగా మార్చే సౌలభ్యం శాస్త్రానికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అలాంటి చోట ‘ముట్టుకోకండి’ అన్న పాత సూత్రమే నయం.

అసలు కష్టం జ్ఞాపకం

చాలామంది పట్టించుకోని ఇబ్బంది మరొకటి ఉంది. మారే భాగం కోసం తయారుచేసిన బిట్‌స్ట్రీమ్, ఏ మారని భాగంతో కలిపి తయారైందో దానితోనే పనిచేస్తుంది. మారని భాగంలో తీగల దారి కొంచెం మారినా కొత్త ముక్క అక్కడ ఒదగదు. అంటే ఎనిమిదో ఏట ఒక చిన్న మార్పు చేయాలంటే, మొదటి ఏట ఖరారు చేసిన డిజైన్ ఫైలు యథాతథంగా దొరకాలి. దాన్ని తెరవగల సాధనపు కూర్పు ఉండాలి. ఆ సాధనం నడిచే కంప్యూటర్ ఉండాలి. దాని గుట్టు తెలిసిన మనిషి ఉండాలి.

ఈ నాలుగింటిలో చాలా సంస్థలకు ముందుగా కరువయ్యేది చివరిదే. ప్రాజెక్టు నిధులు మూడేళ్లకు వస్తాయి. డిజైన్ చేసిన పరిశోధక విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఫైళ్లు అతని లాప్‌టాప్‌తో పాటే పోతాయి. పరీక్ష ఆయుష్షు పదకొండేళ్లు, దాన్ని నడిపే జ్ఞానం ఆయుష్షు మూడేళ్లు. ఈ తేడాను ఏ చిప్ పూడ్చలేదు. దాన్ని పూడ్చాల్సింది సంస్థల అలవాటు.

ఏం చేయవచ్చు?

మొదటిది, ప్రభుత్వ నిధులతో దీర్ఘకాల పరీక్షలకు కొనే ప్రతి పరికరం ఒప్పందంలో డిజైన్ ఫైళ్లు, వాటిని తయారుచేసిన సాధనం వివరాలు సంస్థకు అప్పగించాలన్న షరతు ఉండాలి. పెట్టె మాత్రమే కొని లోపలి రాత కొనకపోతే, పదేళ్లపాటు అమ్మకందారు గుప్పిట్లో ఉన్నట్లే.

రెండోది, చదువు. చాలా ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎఫ్‌పీజీఏ ప్రయోగం దీపాలు వెలిగించడంతో మొదలై కౌంటర్‌తో ముగుస్తుంది. పాక్షిక మార్పుకు ఒకప్పుడు విడిగా లైసెన్సు కొనాల్సి వచ్చేది. ఇప్పుడా అడ్డు చాలావరకు తొలగింది. కేంద్ర ప్రభుత్వ చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం 85,000 మంది ఇంజినీర్లను తీర్చిదిద్దాలని లక్ష్యం పెట్టుకుంది. కొత్త చిప్ గీయడం ఎంత ముఖ్యమో, నడుస్తున్న చిప్‌ను సురక్షితంగా మార్చడం అంత ముఖ్యమని ఆ పాఠ్యప్రణాళిక గుర్తించాలి. 2022లో ఏఎండీలో కలిసిపోయిన జైలింక్స్‌కు ఏళ్లుగా హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది. ఈ సాధనాలు లోపలి నుంచి తెలిసిన తెలుగు ఇంజినీర్లు తక్కువమంది లేరు. వారి అనుభవం తరగతి గదికి చేరే దారి వేయాలి.

మూడోది, పొరుగు సంస్థల కలయిక. బర్మామైన్స్ నుంచి చూస్తే ఖర్కాయ్ నది అవతల, ఆదిత్యపూర్‌లో ఎన్ఐటీ జంషెడ్‌పూర్ ఉంది. 1960లో ప్రాంతీయ ఇంజినీరింగ్ విద్యాసంస్థగా మొదలైంది. ఒకచోట కొలిమి గురించి తెలిసినవారు, మరోచోట చిప్ గురించి నేర్చుకుంటున్నవారు. నకిలీ భారంతో ఒక పాత క్రీప్ యంత్రాన్ని పక్కన పెట్టి, ఏడాదిపాటు నడుస్తుండగానే దాని సర్క్యూట్‌ను యాభైసార్లు మార్చి, ఉష్ణోగ్రత ఎంత కుదుపుకు లోనైందో కొలిచి ప్రచురిస్తే అది దేశంలోని ప్రతి దీర్ఘకాల ప్రయోగశాలకూ పనికొస్తుంది. అసలు పరీక్షల జోలికి వెళ్లకుండానే ధైర్యం ఎంత ఉండాలో, భయం ఎక్కడ ఉండాలో తేలుతుంది.

పాక్షిక పునర్విన్యాసం ప్రతి పరికరానికీ అవసరం లేదు. చాలా చోట్ల ఇద్దరు సాదా కంట్రోలర్లు చేసే పనిని అది ఎక్కువ ఖర్చుతో, ఎక్కువ సంక్లిష్టతతో చేస్తుంది. కానీ ఆపితే ఏళ్లు వృథా అయ్యే చోట, ఆపకపోతే తప్పు కొనసాగే చోట, ఆ రెంటి మధ్య మూడో దారి ఉందని తెలిసి ఉండాలి. తెలిసి, పరీక్షించి, వద్దనుకోవడం ఒక నిర్ణయం. తెలియక వద్దనుకోవడం నిర్ణయం కాదు. కొలిమిలో కడ్డీ సాగుతూనే ఉంటుంది. దాని లెక్క సరిగ్గా రాసే బాధ్యత మాత్రం బయట ఉన్నవారిది.